ఫ్లూ టీకా మన పిల్లలను ఎంతవరకు కాపాడుతుంది?



ఈ నెల ఆరోగ్య పాఠం పిల్లలకు వేయించే ఫ్లూ టీకా గురించి. పిల్లల ఓపీలో తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "పోయిన సంవత్సరం డబ్బు పెట్టి బాబుకు ఫ్లూ సూది వేయించాం. అయినా వానాకాలంలో రెండుసార్లు జలుబు, జ్వరం వచ్చాయి. ఇక ఆ టీకా ఎందుకు?" అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. కూలి డబ్బులో నుంచో, జీతంలో నుంచో తీసి టీకాకు ఖర్చు పెట్టిన తల్లిదండ్రులకు ఈ ప్రశ్న అడిగే హక్కు ఉంది. దానికి "మంచిదేలే, వేయించండి" అని ఒక్క మాటతో సరిపెట్టకూడదు. ఈ టీకా దేనిని ఆపుతుంది, దేనిని ఆపదు, ఎంతవరకు ఆపుతుంది అనే మూడు సంగతులు తెలిస్తేనే సరైన నిర్ణయం తీసుకోగలం.

జలుబు వేరు, ఫ్లూ వేరు

మన ఇళ్ళలో ముక్కు కారినా, దగ్గు వచ్చినా, ఒళ్ళు వెచ్చబడినా "ఫ్లూ" అనడం అలవాటైపోయింది. నిజానికి ముక్కు, గొంతు, ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే వైరస్‌లు వందకు పైగా ఉన్నాయి. వాటిలో ఇన్‌ఫ్లుయెంజా అనే వైరస్ వల్ల వచ్చే జబ్బు మాత్రమే ఫ్లూ.

మామూలు జలుబు మెల్లగా మొదలవుతుంది. ముక్కు కారుతుంది, తుమ్ములు వస్తాయి, జ్వరం ఉంటే కొద్దిగా ఉంటుంది. పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు. ఫ్లూ అయితే ఎక్కువగా ఒక్కసారిగా పడేస్తుంది. పొద్దున బడికి వెళ్ళిన బిడ్డ సాయంత్రానికి ఎక్కువ జ్వరంతో, ఒళ్ళునొప్పులతో, తలనొప్పితో, పొడి దగ్గుతో మంచం పడుతుంది. చిన్నపిల్లల్లో వాంతులు, విరేచనాలు కూడా కావచ్చు. అయితే లక్షణాలను చూసి మాత్రమే ఇది ఫ్లూ, ఇది కాదు అని డాక్టరు కూడా ఖాయంగా చెప్పలేరు. ముక్కులో నుంచి, గొంతులో నుంచి నమూనా తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఫ్లూ టీకా ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను మాత్రమే ఎదుర్కొంటుంది. మిగిలిన జలుబు వైరస్‌ల జోలికి అది పోదు. కోవిడ్‌ను కూడా ఆపదు. కాబట్టి టీకా వేయించిన తరువాత జలుబు వచ్చినంత మాత్రాన టీకా పనిచేయలేదని అనుకోకూడదు. బాబుకు రెండుసార్లు వచ్చింది ఫ్లూ కాకపోవచ్చు.

మన పక్కనే జరిగిన సంగతి

మన తుక్కుగూడ చుట్టుపక్కల వారికి ఫ్లూ దూరపు సంగతి కాదు. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. ఆ తరువాతి సంవత్సరమే, 2009 మే నెలలో, అమెరికా నుండి వచ్చి ఇక్కడ దిగిన ఒక యువకునికి జ్వరం ఉన్నట్టు తెలిసి ఎర్రగడ్డలోని ఛాతీ ఆసుపత్రికి పంపించారు. అతనికి స్వైన్ ఫ్లూ, అంటే కొత్తరకం హెచ్1ఎన్1 ఇన్‌ఫ్లుయెంజా, సోకిందని మే 16న నిర్ధారణ అయింది. భారతదేశంలో నిర్ధారణ అయిన మొదటి కేసు అదే. అతను కోలుకున్నాడు. అయితే జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారిగా ప్రకటించింది. ఆగస్టులో పూణెలో బడికి వెళ్ళే 14 ఏళ్ళ బాలిక మరణించింది. దేశంలో ఈ జబ్బు వల్ల నమోదైన మొదటి మరణం అది. ఆ సంవత్సరం దేశంలో 27 వేలకు పైగా కేసులు, 981 మరణాలు లెక్కకు వచ్చాయి.

2015 ఆరంభంలో ఆ వైరస్ మళ్ళీ విజృంభించింది. ఆ జనవరిలో ముందుగా దెబ్బతిన్న రాష్ట్రాలలో మన తెలంగాణ ఒకటి. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రికి రోగులు వరుస కట్టారు. ఆ సంవత్సరం దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదయ్యాయి.

2009లో ఆ యువకుడు దిగిన రోజున ఈ కొత్త వైరస్‌కు టీకా లేదు. ఇప్పుడు ఉంది. ఏటా వేసే ఫ్లూ టీకాలో హెచ్1ఎన్1 రకం కూడా ఉంటుంది. ఆ వైరస్ మన దేశం విడిచి వెళ్ళలేదు, ప్రతి సంవత్సరం వచ్చిపోయే మామూలు ఫ్లూలలో ఒకటిగా ఉండిపోయింది. అది విమానంలో రావచ్చు గాని, వచ్చిన తరువాత తిరిగేది మాత్రం బడిలో, బస్సులో, పెళ్ళిలో, ఆరాధనలో, మన ఇంటి మంచాల మీద. పిల్లలు పెద్దవారికంటే ఎక్కువ రోజులు వైరస్‌ను బయటకు వదులుతారు. అందువలన ఇంట్లో నాయనమ్మకో, తాతయ్యకో అది ఎక్కువగా పిల్లల ద్వారానే చేరుతుంది.

వందమంది పిల్లలను తీసుకొని చూద్దాం

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. వేర్వేరు దేశాలలో జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించే కోక్రేన్ అనే సంస్థ 2018లో పిల్లల ఫ్లూ టీకాల మీద ఒక సమీక్ష ప్రచురించింది. దాని సారాంశం ఇది.

రెండేళ్ళు దాటిన పిల్లలలో, సూది టీకా వేయించుకోని వందమందిలో ఒక ఫ్లూ కాలంలో దాదాపు 30 మందికి ఫ్లూ వచ్చింది. టీకా వేయించుకున్న వందమందిలో 11 మందికి వచ్చింది. అంటే వందకు 19 మంది ఆ జబ్బును తప్పించుకున్నారు. ఇంకో విధంగా చెప్పాలంటే, ఐదుగురు పిల్లలకు టీకా వేస్తే ఒకరికి ఫ్లూ రాకుండా ఆగింది.

మరి దగ్గు, జ్వరం, ఒళ్ళునొప్పులతో "ఫ్లూలాగా కనిపించే" జబ్బుల సంగతి ఏమిటి? వాటిని లెక్కించిన అధ్యయనాలలో టీకా లేనివారిలో వందకు 28 మందికి, టీకా ఉన్నవారిలో వందకు 20 మందికి అటువంటి జబ్బు వచ్చింది. ఇక్కడ తేడా వందకు ఎనిమిదే. తల్లుల ప్రశ్నకు జవాబు ఈ రెండు లెక్కల మధ్యనే ఉంది. పరీక్షలో తేలిన ఫ్లూను టీకా బాగా తగ్గించింది. ఫ్లూలాగా కనిపించే జబ్బులన్నింటినీ కలిపి చూస్తే కొంతే తగ్గించింది, ఎందుకంటే వాటిలో చాలా వాటికి కారణం వేరే వైరస్‌లు. ఇంటి దగ్గర మనం చూసేది ఈ రెండవ లెక్కనే. అందుకే టీకా చేసిన మేలు మన కంటికి చిన్నదిగా కనబడుతుంది.

రెండేళ్ళలోపు పసిపిల్లల మీద ఇటువంటి అధ్యయనాలు తక్కువగా జరిగాయని అదే సమీక్ష చెప్పింది.

మన దేశపు పల్లెల్లో ఏమి తేలింది?

"అవి పరదేశపు లెక్కలు, మన పిల్లలకు సరిపోతాయా?" అని అడగవచ్చు. హర్యానాలోని బల్లబ్‌గఢ్ దగ్గరి పల్లెలలో 2009 చివర మొదలుపెట్టి మూడేళ్ళపాటు ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఆరు నెలల నుండి పదేళ్ళ వరకు ఉన్న పిల్లలలో కొన్ని ఇళ్ళవారికి ఫ్లూ టీకా, మిగిలిన ఇళ్ళవారికి పోలియో సూది టీకా ఇచ్చారు. ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే నమూనా తీసి పరీక్షించారు. దాని ఫలితాలు 2019లో వచ్చాయి.

మొదటి సంవత్సరం టీకా దాదాపు 26 శాతం రక్షణ ఇచ్చింది. రెండవ సంవత్సరం 41 శాతం. మూడవ సంవత్సరం 74 శాతం. అంటే టీకా లేకపోతే వందమందికి ఫ్లూ వచ్చే చోట మొదటి ఏడు సుమారు 26 మంది, మూడవ ఏడు సుమారు 74 మంది తప్పించుకున్నారన్నమాట. ఒకే ప్రాంతం, ఒకే టీకా పద్ధతి, అయినా ఒక ఏటికి ఇంకో ఏటికి ఇంత తేడా.

ఈ తేడా ఎందుకు వస్తుంది?

ఇన్‌ఫ్లుయెంజా వైరస్ తన పైతొడుగును కొంచెం కొంచెంగా మార్చుకుంటూ ఉంటుంది. నిరుటి టీకాతో మన శరీరం గుర్తుపట్టడం నేర్చుకున్న రూపం ఈ ఏడు మారిపోవచ్చు. అందుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సంవత్సరానికి రెండుసార్లు, ఫిబ్రవరిలోను సెప్టెంబరులోను కూర్చొని, రాబోయే కాలంలో ఏ రకాలు తిరగవచ్చో అంచనా వేసి టీకాలో వేటిని ఉంచాలో చెబుతారు. కంపెనీలు దాన్ని తయారుచేసి పంపడానికి నెలలు పడుతుంది. అంచనా సరిగ్గా కుదిరిన ఏడు రక్షణ బాగుంటుంది, కుదరని ఏడు తగ్గుతుంది. అలాగే ఏ రకం వైరస్ ఎక్కువగా తిరుగుతున్నదనే దానిని బట్టి కూడా మారుతుంది. హెచ్3ఎన్2 రకం మీద టీకా బలం సాధారణంగా తక్కువ. పైగా టీకాతో వచ్చిన శక్తి నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. ఈ కారణాల వల్లనే పోలియో, తట్టు టీకాలలాగా కాక ఫ్లూ టీకాను ప్రతి సంవత్సరం వేయించాలి.

ప్రాణాపాయం విషయంలో

రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గడం ఒకటి, ఊపిరి ఆడక ఐసీయూలో పడడం ఒకటి. అమెరికాలో 2010 నుండి 2014 వరకు ఫ్లూతో చనిపోయిన పిల్లల వివరాలను పరిశీలిస్తే, వారిలో నలుగురిలో ఒకరికి మాత్రమే టీకా పడినట్టు తేలింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలలో టీకా మరణాన్ని 65 శాతం, ముందే గుండె, ఊపిరితిత్తుల వంటి జబ్బులున్న పిల్లలలో 51 శాతం తగ్గించిందని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. 2022లో వచ్చిన మరో అధ్యయనంలో ప్రాణం మీదికి తెచ్చే ఫ్లూను టీకా 75 శాతం తగ్గించినట్టు తేలింది.

టీకా వేయించినా ఫ్లూ రావచ్చు. అయితే అది ఆసుపత్రి దాకా, ఐసీయూ దాకా పోయే అవకాశం బాగా తగ్గుతుంది. ఈ టీకా విలువను ముఖ్యంగా ఇక్కడ చూడాలి.

ఎవరికి, ఎప్పుడు, ఎన్ని డోసులు?

భారతీయ పిల్లల వైద్యుల సంఘం ఆరు నెలల నుండి ఐదేళ్ళ వరకు పిల్లలందరికీ ఏటా ఫ్లూ టీకా వేయించమని సలహా ఇస్తున్నది. ఐదేళ్ళు దాటినా ఉబ్బసం, గుండెజబ్బు, కిడ్నీ జబ్బు, షుగరు ఉన్న పిల్లలకు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి తప్పక వేయించాలి.

తొమ్మిదేళ్ళు నిండని బిడ్డకు మొదటిసారి వేయిస్తున్నప్పుడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. ఇదివరకు టీకా ఎరుగని శరీరానికి మొదటి డోసు పరిచయం మాత్రమే, రెండవ డోసుతో రక్షణ బలపడుతుంది. ఒక డోసు వేయించి రెండవదానికి రాకపోతే పెట్టిన డబ్బుకు తగిన ఫలం రాదు. ఆ తరువాత ఏటా ఒక్క డోసు చాలు.

మన ప్రాంతంలో ఫ్లూ ముఖ్యంగా వానాకాలంలో, మళ్ళీ చలికాలంలో పెరుగుతుంది. టీకా వేసిన తరువాత రక్షణ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి ఏప్రిల్‌లో మొదటి డోసు, మే నెలలో రెండవది వేయిస్తే జూన్‌లో బడి తెరిచేసరికి బిడ్డ సిద్ధంగా ఉంటుంది. ఆలస్యమైనా అసలు మానేయడం కంటే ఆలస్యంగా వేయించడమే మేలు.

ఆరు నెలలలోపు పసికందులకు ఈ టీకా పనికిరాదు. వారికి రక్షణ తల్లి నుండే రావాలి. గర్భిణీగా ఉన్నప్పుడు తల్లి టీకా వేయించుకుంటే ఆ రక్షణ బిడ్డకు కొన్ని నెలలు ఉంటుంది. ఇంట్లో మిగిలినవారు వేయించుకున్నా బిడ్డ చుట్టూ కంచె కట్టినట్టే.

టీకా కార్డులో ఒక చిక్కు

కొందరు తల్లులు కార్డు తెచ్చి "ఇందులో ఇన్‌ఫ్లుయెంజా అని రాసి ఉంది, మా పాపకు ఫ్లూ టీకా పడినట్టే కదా" అంటారు. కాదు. 6, 10, 14 వారాలకు ప్రభుత్వం ఉచితంగా వేసే పెంటావాలెంట్ టీకాలో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి లతో పాటు "హిమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా-బి" అనే దాని నుండి రక్షణ ఉంది. అది వైరస్ కాదు, బాక్టీరియా. న్యుమోనియా, మెదడువాపు తెస్తుంది. 1892లో ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఫ్లూకు కారణం ఈ బాక్టీరియానే అని పొరబడడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. అసలు ఫ్లూ వైరస్‌ను మనుషులలో కనుగొన్నది 1933లో. పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

ప్రభుత్వం పిల్లలందరికీ ఉచితంగా ఇచ్చే టీకాల జాబితాలో ఫ్లూ టీకా లేదు. కొనుక్కోవలసిందే. చేతిలో డబ్బు లేని కుటుంబాలకు మా సలహా ఏమిటంటే, ముందుగా ఉచిత టీకాలన్నీ ఒక్కటి కూడా తప్పకుండా వేయించండి. ఫ్లూ తరువాత వచ్చే న్యుమోనియా ప్రమాదాన్ని తగ్గించే పీసీవీ టీకా కూడా 2021 నుండి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు. ఇంట్లో ఒక్క బిడ్డకే ఫ్లూ టీకా కొనగలిగితే, ఉబ్బసం లేదా గుండెజబ్బు ఉన్న బిడ్డకు, లేదా అందరికంటే చిన్నబిడ్డకు ముందు వేయించండి.

సందేహాలు, సమాధానాలు

టీకా వల్లనే ఫ్లూ వస్తుందా? రాదు. సూది టీకాలో ఉన్నది చంపిన వైరస్ ముక్కలు. అవి జబ్బు తేలేవు. సూది వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం ఉండవచ్చు.

గుడ్డు పడని పిల్లలకు వేయించవచ్చా? చాలామందికి వేయించవచ్చు. ముందుగా డాక్టరుకు చెప్పండి. ఇదివరకు ఇదే టీకాతో ఊపిరాడకపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు వంటి తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే మాత్రం మళ్ళీ వేయించకూడదు. ఎవరైనా సరే టీకా తరువాత అరగంట ఆసుపత్రిలోనే కూర్చోండి.

జలుబు ఉన్నప్పుడు వేయించవచ్చా? కొద్ది జలుబుకు ఆపనక్కరలేదు. జ్వరం ఎక్కువగా ఉంటే తగ్గాక రండి.

జ్వరం వచ్చినప్పుడు

టీకా పడినా పడకపోయినా ఈ జాగ్రత్తలు అందరికీ అవసరం. ఫ్లూకు యాంటీబయాటిక్ పనిచేయదు. మెడికల్ షాపులో అడిగి కొనడం, ఆర్ఎంపీ దగ్గర సూది వేయించి ఊరుకోవడం మంచిది కాదు. బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి. తల్లిపాలు ఆపకండి. గంజి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు తరచుగా తాగించండి. ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించవద్దు. ఫ్లూ మందు అవసరమైతే డాక్టరు ఇస్తారు. అది మొదటి 48 గంటలలో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది.

బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు గడియారం చూసుకొని ఒక నిమిషం పూర్తిగా శ్వాస లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుండి ఏడాదిలోపు 50 లేదా మించి, ఏడాది నుండి ఐదేళ్ళలోపు 40 లేదా మించి ఉంటే అది వేగమైన శ్వాస. అలాగే డొక్కలు ఎగరేయడం, పెదవులు నీలిరంగుకు తిరగడం, పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండడం, ఫిట్స్ రావడం, జ్వరం తగ్గి మళ్ళీ ఎక్కువగా రావడం ప్రమాద సూచనలు. వీటిలో ఏ ఒక్కటి కనబడినా రాత్రి అని చూడకుండా బయలుదేరండి.

ప్రార్థన, కావలి

"దేవుడు కాపాడతాడు, టీకా ఎందుకు" అనే విశ్వాసులు కూడా మన మధ్య ఉన్నారు. వారి నమ్మకాన్ని మేము తక్కువ చేయము. నెహెమ్యా గ్రంథం నాలుగవ అధ్యాయాన్ని ఒకసారి చదువుకోమని మాత్రం కోరుతున్నాము. యెరూషలేము గోడ కట్టేవారి మీదికి శత్రువులు వస్తున్నారని తెలిసినప్పుడు నెహెమ్యా, అతని ప్రజలు దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్ళు కావలివారిని కూడా పెట్టారు. కావలి పెట్టినందువల్ల వారి ప్రార్థన తక్కువ కాలేదు. కావలివాడు ప్రతి శత్రువునూ ఆపలేకపోవచ్చు, అంతమాత్రాన గోడను కావలి లేకుండా ఎవరూ వదలరు.

దగ్గు, జ్వరం ఉన్న బిడ్డను ఆ ఆదివారం సండే స్కూలుకు పంపకుండా ఇంట్లో ఉంచడం, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం కూడా పొరుగువారిని ప్రేమించడంలో భాగమే.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకోండి

1. మన ఇంట్లో ఐదేళ్ళలోపు పిల్లలు, ఉబ్బసం లేదా గుండెజబ్బు ఉన్న పిల్లలు ఎవరు?
2. వారి టీకా కార్డులో ఉచిత టీకాలన్నీ పూర్తయ్యాయా? ఫ్లూ టీకా పడిందా, లేక హిమోఫిలస్ టీకాను చూసి పడిందని అనుకున్నామా?
3. మొదటిసారి ఫ్లూ టీకా వేయిస్తే రెండవ డోసు ఏ తేదీన? క్యాలెండరు మీద గుర్తు పెట్టామా?
4. నిమిషానికి శ్వాస లెక్కపెట్టడం ఇంట్లో ఎంతమందికి వచ్చు?

మూడవ ప్రశ్నకు జవాబు తెలియకపోతే బిడ్డ కార్డు తీసుకొని ఓపీకి రండి, తేదీ మేము రాసి ఇస్తాము. మీ పిల్లలను ప్రభువు ఆరోగ్యంతో పెంచును గాక.